అత్తగారి పేరు

మా అమ్మ తన జీవితంలో మా నానమ్మ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. నాకు ఏడేళ్లప్పుడు రేషన్ కార్డులో ఏదో మార్పు కోసం మండలాఫీసుకి వెళ్తూ నన్ను వెంటబెట్టుకుపోయింది. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తలెత్తకుండా అత్తగారి పేరు చెప్పమన్నాడు. ఆయన విసుగ్గా రెండోసారి అడిగాడు. అమ్మ నా భుజం పట్టుకుని ముందుకు తోసి, "చెప్పవే" అంది. నేను బడిలో పద్యం అప్పగించినట్టు గట్టిగా చెప్పాను. వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వేసింది. ఇంటికొచ్చే దారిలో నాకు జామకాయ కొనిపెట్టింది.

కోడలు అత్తగారి పేరు పలికితే ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పలేదు. పలకకూడదంతే. నేను ఇంజనీరింగ్ చదివాను, అమెరికా వచ్చాను, మొగుణ్ణి నలుగురిలో పేరు పెట్టి పిలుస్తాను, అవసరమైతే అదే పేరుతో తిడతాను కూడా. అయినా మా అత్తగారి పేరు దగ్గరికొచ్చేసరికి నా నాలుక మా అమ్మ నాలుక అయిపోతుంది. ఆవిడ వీసా కోసం ఆహ్వాన పత్రం నేనే టైప్ చేశాను. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కోసం ఫోన్ చేసినప్పుడు ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. మొత్తం పేరు మాత్రం నోట పలకలేదు. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు. ఎవరి పేర్లూ రాయకపోతే ఆ ఒక్క పేరు రాయకపోవడం ఎబ్బెట్టుగా ఉండదు కదా అని, అందరివీ వదిలేస్తున్నాను.

అది పాతకాలపు పేరు. వాళ్ల ఊరి పొలిమేరలో ఉండే అమ్మవారి పేరు. మా అత్తగారి తల్లికి వరసగా ఇద్దరు ఆడపిల్లలు పురిట్లోనే పోయారట. మూడో కాన్పులో ఈవిడ పుట్టగానే తీసుకెళ్లి అమ్మవారి గద్దె ముందు పసుపు గుడ్డ మీద పడుకోబెట్టి, "ఇది నీ బిడ్డ, నీ పేరే పెట్టుకుంటాం, దీన్నయినా ఉంచు" అని మొక్కుకున్నారట. పిల్ల బతికింది. పెరిగింది. మూడో తరగతి దాకా చదివింది. నలుగురు పిల్లల్ని కన్నది. ఆ నలుగురిలో చివరివాడు మా ఆయన. ఈ కథ మా ఆయన నాకు పెళ్లయిన కొత్తలో చెప్పాడు. తనకి ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలని అప్పుడే అన్నాడు. కొత్త మురిపెం కనక నేను అప్పుడు తలూపాను.

తర్వాత ఆరేళ్లకి, ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాక, కడుపు పండింది. ఆడపిల్ల అని స్కానింగులో చెప్పిన రోజే నేను ఎక్సెల్ షీట్ తెరిచాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎదుటివాడు చేసినదాంట్లో తప్పులు వెతకడం నా బతుకుతెరువు, ఇంట్లో కూడా ఆ బుద్ధి పోదు. ఒక వరసలో పేరు, పక్కన అర్థం, ఆ పక్కన స్కూల్లో టీచరు దాన్ని ఎలా పలుకుతుంది, తోటి పిల్లలు దాన్ని ఎలా కత్తిరిస్తారు, ఎగతాళికి వీలుందా. నూటపాతిక పేర్లు పోగుచేశాను. శనివారాలు కాఫీ షాపుకి వెళ్లి, కౌంటర్‌లో అమ్మాయి పేరు అడిగినప్పుడు ఆ జాబితాలోంచి వారానికొక పేరు నాదే అన్నట్టు చెప్పేదాన్ని. కప్పు మీద ఏం రాస్తారో, కాఫీ తయారయ్యాక ఎలా కేకేస్తారో చూసి మార్కులు వేసేదాన్ని. అలా పదకొండు పేర్లు పరీక్ష పాసయ్యాయి.

మా అత్తగారి పేరు కూడా ఆ షీట్‌లో చివరి వరసలో ఉండేది. మా ఆయన పట్టుబట్టి చేర్పించాడు. దాని పక్కన అర్థం గడి ఖాళీ. నిఘంటువులో లేదు, ఇంటర్‌నెట్‌లోనూ దొరకలేదు. కాఫీ షాపులో దాన్ని పరీక్షించనూ లేదు. నోట రాని పేరుని పరాయి కౌంటర్‌లో ఎలా చెప్తాను?

మా అత్తగారు పురుడు పోయడానికి డిసెంబరులో వచ్చారు. రెండు సూట్‌కేసుల నిండా బాలింతలకి పెట్టే కాయం మందు, నలుగుపిండి, సాంబ్రాణి, ఆముదం, ఇంకా పసిపిల్లకి పొత్తిగుడ్డలకని ఉతికి ఉతికి మెత్తబడ్డ తన పాత నేతచీరలు. వాటిని చదరాలుగా చింపి, అంచులు కుట్టి, దొంతర పెట్టారు. ఇక్కడ డైపర్లు ఉంటాయి అత్తయ్యా అన్నాను. "ఉంటే ఉండనీ అమ్మాయ్, పుట్టంగానే ఒంటికి తగిలేది మాత్రం పాతగుడ్డే ఉండాల" అన్నారు.

సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయనా నేనూ పేరు గురించి మళ్లీ పోట్లాడుకున్నాం. ఆవిడ పైన గదిలో కునుకు తీస్తున్నారనుకున్నాను.

"మిడిల్ నేమ్ పెడదాం పోనీ, ఫస్ట్ నేమ్ నీ ఇష్టం" అన్నాడు తను.

"మిడిల్ నేమ్ అయినా స్కూల్ రికార్డ్స్‌లో వస్తుంది. ఒక్కసారి ఆలోచించు. ఆ మొరటు పేరుతో పిల్ల ఇక్కడ ఎలా బతుకుతుంది?" అన్నాను.

వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. ఆవిడ పైన లేరు. పది అడుగుల దూరంలో నా కోసం పులగం వండుతున్నారు. ఇక్కడి ఇళ్లలో వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు, పెద్ద స్తంభం ఒకటి అడ్డం, అంతే. నా మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం ఏమీ విననట్టే పళ్లెం తెచ్చి నా ముందు పెట్టారు. మర్నాడు నా తలకి నూనె రాస్తూ, "మీకు నచ్చిందే పెట్టుకోండమ్మాయ్, నాదేముంది, ముసలిపేరు" అన్నారు. నేను క్షమించమని అడగాల్సింది. అడగలేదు. పిల్ల పుట్టాక తీరిగ్గా అడగొచ్చులే అనుకున్నాను.

ఆ ఆదివారం తర్వాత తొమ్మిది రోజులకి పిల్ల కదలడం మానేసింది. ముప్పై ఎనిమిదో వారం. పొద్దున చల్లటి నారింజరసం తాగి ఎడమపక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి ఏమీ దొరకలేదు. హాస్పిటల్‌లో స్కానింగ్ చేసిన అమ్మాయి స్క్రీన్‌ని నా వైపు నుంచి పక్కకి తిప్పింది. అప్పుడే నాకు తెలిసిపోయింది. తర్వాత డాక్టరు వచ్చి చెప్పినదంతా తెలిసినదాన్నే మళ్లీ వినడం.

మర్నాడు మధ్యాహ్నం కన్నాను. నొప్పులు అందరికీ వచ్చినట్టే వచ్చాయి, చివర్లో ఏడుపు వినపడలేదు. తల నిండా జుట్టు. గడ్డం మా ఆయనది. నర్సు చిన్న ఊలు టోపీ పెట్టి, కాళ్లకి సిరా పూసి కాగితం మీద ముద్రలు తీసింది. అంత ఓపిగ్గా, పిల్లకి నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదిగా తీసింది. ఆమెని ఇప్పటికీ తలుచుకుంటాను. పిల్ల పేరేమిటని ఆమె నన్ను అడిగింది. నేను గోడ వైపు తిరిగాను. నూటపాతిక పేర్లలో ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

కాగితాలన్నీ మా ఆయన కారిడార్‌లో నిలబడి నింపాడు. పేరు రాయాల్సిన చోట 'బేబీ గర్ల్' అని రాసి సంతకం పెట్టాడు. తను కావాలని చేసిన తప్పు కాదు. మన ఇళ్లల్లో పురుడు వెళ్లి, ఇరవై ఒకటో రోజు బియ్యంలో రాసేదాకా బిడ్డకి పేరుండదు. ఆ లోపల పోయిన బిడ్డకి అసలే ఉండదు. కర్మలూ ఉండవు, దహనమూ ఉండదు, పూడ్చి వచ్చేస్తారు. తనకి తెలిసిన పద్ధతే తను చేశాడు. అక్కడ రాసిందే రేపు రాయి మీద చెక్కుతారని తనకి తోచలేదు. నాకూ తోచలేదు.

పూడ్చడానికి మా ఆయనా, ఇద్దరు స్నేహితులూ వెళ్లారు. తల్లి వెళ్లకూడదన్నారు, నేనూ వెళ్లే స్థితిలో లేను. హాస్పిటల్ వాళ్లిచ్చిన గౌను ఉండగా మా అత్తగారు పొత్తిగుడ్డల దొంతర లోంచి పైగుడ్డ తీసి కొడుకు చేతికిచ్చారు. "ఇది చుట్టమను" అన్నారు.

ఆ తర్వాత నాకు బాలింత సేవలన్నీ చేశారు. బిడ్డ లేదు కదా అని ఒక్కటి కూడా తగ్గించలేదు. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, పొద్దున్నే నిమ్మకాయంత కాయం ముద్ద. నాకు ఒళ్లు మండేది. ఎవరి కోసం ఇదంతా అని అరిచేదాన్ని. ఆవిడ ముద్ద పట్టుకుని నేను నోరు తెరిచేదాకా అలాగే నిలబడేవారు.

మూడో రోజు పాలు పడ్డాయి. ఇది జరుగుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా నా చెవికెక్కలేదు. రాళ్లలా గడ్డకట్టి జ్వరం వచ్చింది. నర్సు ఫోన్లో క్యాబేజీ ఆకులు పెట్టుకోమంది. మా అత్తగారు కొడుకుని మల్లెపూలు తెమ్మన్నారు. మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతాయట. మా ఇంటికి దగ్గర్లో ఉన్న మన సరుకుల కొట్లో శుక్రవారాలు పూలదండలు వస్తాయి. ఆ రోజు శుక్రవారమే. ఉన్నవన్నీ, ఎనిమిది మూరలు, కొనుక్కొచ్చాడు. కౌంటర్‌లో ఆంటీ నవ్వుతూ, "ఏంటండీ, ఇంట్లో ఫంక్షనా?" అని అడిగిందట. అవునండీ అని చెప్పి వచ్చేశాడట. ఆ మాట నాకు చెప్పి, పూల సంచీ మంచం మీద పెట్టి, బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకున్నాడు. కుళాయి చప్పుడు చాలాసేపు ఆగలేదు. మా అత్తగారు దండలు రొమ్ములకి చుట్టి, పైన పాతచీర గుడ్డ బిగించి కట్టారు. రెండు రోజులు ఇల్లంతా పెళ్లివారి ఇల్లులా వాసన. ఇప్పటికీ ఎవరైనా మల్లెపూలు పెట్టుకుని మా ఇంటికి వస్తే నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

పాలు ఇంకిపోయాయి. నేను అన్న మాట మాత్రం పోలేదు. ఆ పేరుతో పిల్ల ఎలా బతుకుతుంది అని నేనే అన్నాను. బిడ్డ బతకాలని మొక్కుకుని పెట్టిన పేరుని పట్టుకుని, పురుటికి రెండు వారాలు కూడా లేవనగా, ఆ మాట అన్నాను. దేవుణ్ణి పెద్దగా నమ్మేదాన్ని కాను. కానీ శిక్ష దగ్గరికొచ్చేసరికి అందరం నమ్ముతాం. మా ఆయన ఆ మాట ఎత్తలేదు. అత్తగారు ఎత్తలేదు. వాళ్లు ఎత్తనికొద్దీ అది నాకు ఇల్లంతా వినపడేది.

మార్చి నెలాఖరులో, ఎండ కాస్త బాగా కాస్తున్న ఒక రోజు, నేను మొదటిసారి శ్మశానానికి వెళ్లాను. అత్తగారూ వస్తానన్నారు. కాదనడానికి మా ఆయనకి ఓపిక లేదు. ఊరి చివర పెద్ద పచ్చిక మైదానం. ఒక మూల పసిపిల్లల కోసం విడిగా కేటాయించారు. అక్కడ గాలికి తిరిగే రంగుల కాగితపు పూలు, బొమ్మ కార్లు, తడిసి ఎండిన ఎలుగుబంటి బొమ్మలు. మా పిల్ల దగ్గర ఏమీ లేవు. నేలలో గుచ్చిన చిన్న ప్లాస్టిక్ పలక, దాని మీద మూడు వరసలు.

"ఏం రాశారమ్మాయ్?" అని అడిగారు మా అత్తగారు. ఆవిడకి ఇంగ్లిష్ అక్షరాలు రావు.

"పాప అని రాశారు అత్తయ్యా. కింద మన ఇంటిపేరు. కింద డేట్."

"ఒకటే డేటా?"

"ఒకటే."

ఆవిడ పచ్చికలో చతికిలపడి ఆ పలకని చీరకొంగుతో తుడిచారు. "పాప అంటే పేరు కాదుగా" అన్నారు.

రాయి చేయించేటప్పుడు ఏం చెక్కాలో ఆఫీసులో చెప్పాలని, చెప్పకపోతే కాగితంలో ఉన్నదే చెక్కుతారని మా ఆయన అన్నాడు. నెలాఖరు లోపల చెప్పాలి. అంటే నాలుగు రోజులు.

"అయితే నా పేరు రాయించండి. దానికి పెట్టాలనుకున్నదే గదా" అన్నారు ఆవిడ.

మా ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు బతికుండగా నీ పేరు సమాధి మీద రాయిస్తానా అమ్మా? పిచ్చా నీకు? నా వల్ల కాదు" అన్నాడు. విసవిసా నడిచి వెళ్లి కారులో కూర్చుని తలుపేసుకున్నాడు. స్టీరింగ్ మీద తల ఆన్చి ఉండటం దూరం నుంచి కనపడుతూనే ఉంది.

మేమిద్దరం మిగిలాం. రెండు నెలలుగా గొంతులో అడ్డం పడ్డ మాట అప్పుడు బయటపడింది. "అత్తయ్యా, ఆ రోజు నేను మీ పేరు గురించి అన్న మాట..." అన్నాను. ఏడుపొచ్చి పూర్తి చెయ్యలేకపోయాను.

"విన్నాలే" అన్నారు ఆవిడ.

"నా నోటిమాట వల్లే..."

"ఊరుకో. నీ నోటికి అంత శక్తుంటే మావాడు ఈపాటికి పది సార్లు బూడిదయ్యేవాడు." నేను ఏడుపులోనే ఉలిక్కిపడ్డాను. ఆవిడ నవ్వలేదు. పచ్చిక పరకలు తుంపుతూ చెప్పుకుపోయారు. "మావాడు నీకు సగమే చెప్పుంటాడు. వాడికి తెలిసింది సగమే. నా తర్వాత నాకో చెల్లెలు పుట్టింది. దాన్నీ అట్టాగే గద్దె ముందర పడుకోబెట్టారు. దానికీ అమ్మవారి పేరే, ఇంకో పేరు. మూడేళ్లు నాతో ఆడుకుంది. విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. అది ఎవరూ చెప్పరు. చెప్తే నా కథ పాడైపోతుంది గదా."

నేను ఆవిడ మొహంలోకి చూశాను.

"పేరు పెట్టినందుకు బతకరు, తిట్టినందుకు పోరు అమ్మాయ్. కానీ ఒకటి. చెల్లెల్ని మా అమ్మ పేరు పెట్టి తలుచుకుని ఏడ్చేది. ముందు పోయిన ఇద్దర్నీ పెద్దది, నడిపిది అనేది అంతే. వాళ్ల కోసం ఏడవబోయి ఆగిపోయేది, ఏమని పిలవాలో తెలీక. ముసలిదై మంచాన పడ్డాక కూడా అంతే. నువ్వట్టా కావొద్దు."

మా ఆయన్ని కారులోనే ఉండనిచ్చి మేమిద్దరం శ్మశానం ఆఫీసుకి వెళ్లాం. చిన్న గది. కౌంటర్ వెనక నెరిసిన జుట్టావిడ కూర్చుని ఉంది. ఫైల్ తీసి, చాలా విచారంగా ఉందని చెప్పి, కొత్త ఫారం నా ముందుకి జరిపింది. నేను పేరు రాసిచ్చాను. రాయడం ఎప్పుడూ కష్టం కాలేదు నాకు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని కాగితాన్ని రెండుసార్లు చూసి, పేరు తప్పు పలకడం తనకి ఇష్టం లేదని, దయచేసి ఒకసారి పలికి చెప్పమని అడిగింది. నేను అలవాటు ప్రకారం అక్షరాలు విడదీసి చెప్పడం మొదలుపెట్టాను. అక్షరాలు కనపడుతున్నాయమ్మా, పేరు వినాలని ఉంది అంది ఆవిడ. మంచితనంతోనే అంది.

నా పక్కన మా అత్తగారు నిలబడి ఉన్నారు. కౌంటర్, కాగితం, జవాబు కోసం చూస్తున్న మనిషి. నాకు మా ఊరి మండలాఫీసు గుర్తొచ్చింది. మా అమ్మకి ముందుకు తోయడానికి నేనున్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే రెండో పక్కకి, పిల్ల భుజం ఉండాల్సిన చోటికి కదిలింది. అక్కడ ఎవరూ లేరు.

"ఏందంట?" అన్నారు మా అత్తగారు.

"పేరు... పైకి చెప్పమంటోంది."

ఆవిడకి అర్థమైంది. ఏడేళ్లుగా నేను ఆ పేరు తప్పించుకు తిరగడం ఆవిడ గమనించకుండా ఉంటారా? "చెప్పు" అన్నారు. "ఇంక అది నీ కూతురి పేరు. కూతుర్ని పిలవడానికి సిగ్గేంది?"

నేను పిలిచాను. కౌంటర్ ఆవిడ వైపు చూడలేదు. కిటికీలోంచి పచ్చిక కనపడుతోంది, అటు చూస్తూ పిలిచాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. బడి వదిలాక పిల్లల్ని పిలుస్తారే, అలా.

"ఆఁ" అని పలికారు మా అత్తగారు, పక్కనుంచి, అలవాటు కొద్దీ. పలికి, చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.